లార్జ్‌మౌత్ బాస్ చేపకు గాలం సామగ్రి: టెక్సాస్ చెరువు గట్టు మీద నుంచి వేసేవారికి సమగ్ర మార్గదర్శి

డాలస్ చుట్టుపక్కల ఊళ్లలో స్థిరపడి, వారాంతంలో గాలం వేయడం మొదలుపెట్టిన మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: “ఏ రాడ్ కొనమంటారు?” నిజానికి రాడ్ గురించి ఆలోచించవలసింది మొదట కాదు. ఎంత బరువున్న ఎరను, ఎలాంటి నీటిలో వేయబోతున్నామో తేల్చుకుంటే, ఆ బరువును విసరగల రాడ్, ఆ రాడ్‌కు సరిపోయే దారం, ఆ దారాన్ని సరిగ్గా పట్టే రీలు ఒకదాని వెంట ఒకటి వాటంతట అవే తేలిపోతాయి.

ఈ మార్గదర్శి పడవ లేకుండా, గట్టు మీద నిలబడి, కృత్రిమ ఎరలతో లార్జ్‌మౌత్ బాస్‌ను పట్టాలనుకునేవారి కోసం రాసినది. క్యాట్‌ఫిష్‌కూ, ఉప్పునీటి చేపలకూ ఇందులోని కొలతలు పనికిరావు.

1. కొనుగోలుకు ముందు చూసుకోవలసినవి

టెక్సాస్‌లో 17 ఏళ్లు నిండినవారు గాలం వేయాలంటే సాధారణంగా లైసెన్సు ఉండాలి. సాధారణ వార్షిక లైసెన్సు ఆగస్టు 31తో ముగుస్తుంది కాబట్టి, జూలైలో కొన్నవారికి అది రెండు నెలలు కూడా రాదు. స్టేట్ పార్కు లోపల గట్టు మీద నుంచి వేసేవారికి మాత్రం లైసెన్సు అక్కరలేదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల చేతికి సరదాగా రాడ్ ఇవ్వాలనుకునేవారికి ఇంతకంటే సులువైన దారి లేదు. మరోచోట అయితే వారికి విడిగా నాన్‌రెసిడెంట్ లైసెన్సు తీసుకోవాలి.

లార్జ్‌మౌత్ బాస్‌కు రాష్ట్రమంతటా వర్తించే సాధారణ నియమం ప్రకారం 14 అంగుళాల కంటే చిన్న చేపను ఉంచుకోకూడదు. రోజుకు 5 చేపలకు మించకూడదు. కొన్ని జలాశయాలకు ప్రత్యేక నియమాలు ఉన్నాయి. ఉదాహరణకు లేక్ ఫోర్క్‌లో 16 అంగుళాలకూ 24 అంగుళాలకూ మధ్య ఉన్న బాస్‌ను తప్పనిసరిగా వదిలివేయాలి. నోరు మూసి, తోక రెక్కలను దగ్గరకు నొక్కి కొలవడమే సరైన పద్ధతి. వెళ్లబోయే చెరువు పేరుతో టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ వెబ్‌సైటులో ఒకసారి వెతికితే అక్కడి నియమాలన్నీ తెలుస్తాయి.

నీటిని కూడా ఒకసారి ఖాళీ చేతులతో వెళ్లి చూసి రావడం మంచిది. మూడు విషయాలు గమనించాలి:

- నీరు తేటగా ఉందా, బురదగా ఉందా: మోకాలి లోతులో అడుగు కనిపిస్తే తేట నీరనే అనుకోవచ్చు.
- గట్టు వెంట నాచు, రెల్లు, మునిగిన చెట్ల కొమ్మలు ఎంతవరకు ఉన్నాయి.
- వెనుక చెట్లు లేకుండా రాడ్ తిప్పడానికి చోటు ఉందా.

2. ఎర బరువు నుంచి వెనక్కి లెక్క వేయడం

గట్టు మీద నుంచి వేసేవారికి ఎక్కువగా ఉపయోగపడే ఎరలు 1/8 ఔన్సు నుంచి 5/8 ఔన్సు వరకు, అంటే సుమారు 3.5 గ్రాముల నుంచి 18 గ్రాముల వరకు ఉంటాయి. మొదటి రాడ్ ఈ పరిధిలో పనిచేస్తే చాలు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మెత్తని ప్లాస్టిక్ పురుగుకు బరువు ఉండదనుకుని, దాని ముందు కట్టిన సీసం బరువునే లెక్కలోకి తీసుకుంటారు. 5 అంగుళాల లావుపాటి స్టిక్ వర్మ్ ఒక్కటే దాదాపు 9 గ్రాములు తూగుతుంది. దానికి 3/16 ఔన్సు బరువు, కొక్కెం కలిపితే మొత్తం అర ఔన్సు దాటుతుంది. విసిరేటప్పుడు రాడ్ మోసేది ఈ మొత్తం బరువునే.

3. రాడ్ ఎంపిక: పిడి పైన ఉన్న చిన్న అక్షరాలను చదవడం

పిడికి కాస్త పైన రాడ్ మీద ముద్రించిన అక్షరాలే దాని జాతకం. పొడవు, శక్తి, వంపు, దారం పరిధి, ఎర పరిధి అనే అయిదు వివరాలు అక్కడ ఉంటాయి. శక్తి అంటే రాడ్‌ను వంచడానికి ఎంత బలం కావాలో చెప్పే కొలత. వంపు అంటే ఆ రాడ్ ఎక్కడి నుంచి వంగుతుందో చెప్పే కొలత. ‘ఫాస్ట్’ రాడ్ కొన దగ్గరి మూడో వంతు మాత్రమే వంగుతుంది కాబట్టి, చిన్న కాటు కూడా చేతికి తెలుస్తుంది, కొక్కెం త్వరగా దిగుతుంది.

మొదటి రాడ్‌కు నా సిఫారసు: స్పిన్నింగ్ రకం (రీలు రాడ్ కింద వేలాడేది), పొడవు 6 అడుగుల 8 అంగుళాల నుంచి 7 అడుగుల వరకు, మీడియం శక్తి, ఫాస్ట్ వంపు, దారం (తెగే బలం) 6 నుంచి 12 పౌండ్లు, ఎర 1/8 నుంచి 5/8 ఔన్సు.

ఒకే ముక్క రాడ్ స్పర్శ కొంత మెరుగ్గా ఉంటుందన్న మాట నిజమే గాని, అపార్ట్‌మెంట్ లిఫ్టులోనూ చిన్న కారులోనూ 7 అడుగుల కర్రతో తంటాలు పడటం కంటే రెండు ముక్కల రాడ్ కొనుక్కోవడం మేలు. కారు తలుపులో నలిగి విరిగే రాడ్ల సంఖ్య చేపలు విరిచే రాడ్ల కంటే చాలా ఎక్కువ.

మన చెరువుల్లో కప్ప ఎరతో కొరమీనుకు గాలం వేసిన అనుభవం ఉన్నవారు ఇక్కడ కూడా అదే మొద్దు రాడ్, లావు దారం అడుగుతుంటారు. దట్టమైన నాచులో అది సరైన ఆలోచనే. కాని ఆ రాడ్ 1/8 ఔన్సు ఎరను పది అడుగుల దూరం కూడా విసరలేదు. మొదటి రాడ్‌గా అది కుదరదు.

4. రీలు ఎంపిక

2500 సైజు స్పిన్నింగ్ రీలు తీసుకోవాలి. డబ్బా మీద రాసిన బేరింగుల సంఖ్య చూసి మోసపోకూడదు. దుకాణంలోనే డ్రాగ్ మరను (చేప గట్టిగా లాగినప్పుడు దారాన్ని జారనిచ్చేది) సగం బిగించి, దారం చుట్టుకునే స్పూల్‌ను చేత్తో తిప్పి చూడాలి. కుదుపులు లేకుండా ఒకే తీరుగా తిరిగితే ఆ రీలు మంచిది. ఆగి ఆగి తిరిగే డ్రాగ్ పెద్ద చేప పరుగెత్తినప్పుడు దారాన్ని తెంపేస్తుంది.

రాడ్‌కూ రీలుకూ కలిపి బడ్జెట్ పరిమితంగా ఉంటే, దుకాణాలు జతగా అమ్మే సెట్టు తీసుకోవచ్చు. అయితే ఆ సెట్టు మీద ముందే చుట్టి ఇచ్చిన దారాన్ని తీసివేసి కొత్తది చుట్టుకోవాలి. అది ఎంతకాలం అంగట్లో ఉందో, ఎంత పట్టుతో చుట్టారో మనకు తెలియదు.

5. దారం: మూడు రకాలు, ఒక నిర్ణయం

మోనోఫిలమెంట్ దారం సాగుతుంది, నీటి మీద తేలడానికి మొగ్గుతుంది, చవక. ఫ్లోరోకార్బన్ మునుగుతుంది, రాపిడికి తట్టుకుంటుంది, నీటిలో తక్కువగా కనిపిస్తుంది, కాని గట్టిగా ఉండి స్పిన్నింగ్ రీలు మీద నుంచి చుట్టలు చుట్టలుగా ఊడి వస్తుంది. జడలా అల్లిన బ్రెయిడ్ దాదాపు సాగదు, సన్నగా ఉండి దూరం వెళుతుంది, కాని తేట నీటిలో కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది.

ముడులు కట్టడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవారు మొదటి రెండు మూడు నెలలు 8 పౌండ్ల మోనోతో గడపవచ్చు. ఆ తరువాత 10 పౌండ్ల బ్రెయిడ్ అసలు దారంగా, 8 లేదా 10 పౌండ్ల ఫ్లోరోకార్బన్ నాలుగైదు అడుగుల లీడర్‌గా, అంటే ఎర వైపు ఉండే చివరి ముక్కగా, కట్టుకోవాలి. లీడర్ మరీ పొడవైతే రెండు దారాలను కలిపిన ముడి రీలులోకి వెళ్లి, విసిరిన ప్రతిసారీ తగులుకుంటుంది.

దారం చుట్టేటప్పుడు పాటించవలసిన వరుస ఇది:

1. బ్రెయిడ్‌ను స్పూల్‌కు నేరుగా కట్టకూడదు. నున్నటి లోహం మీద అది జారి, మొత్తం చుట్ట గిరగిరా తిరుగుతుంది. ముందు కొన్ని గజాల మోనో చుట్టి, దానికి బ్రెయిడ్‌ను కలపాలి.
2. దారాన్ని తడి గుడ్డతో రెండు వేళ్ల మధ్య పట్టుకుని, బిగువుగా చుట్టాలి.
3. స్పూల్ అంచుకు సుమారు 3 మిల్లీమీటర్ల దిగువన ఆపాలి. అంచు దాకా నింపితే దారం ఉండలుగా ఊడిపడుతుంది. మరీ తక్కువైతే ఎర దూరం వెళ్లదు.

6. రెండు ముడులు బాగా రావాలి

పది ముడులు సగం సగం తెలియడం కంటే రెండు ముడులు కళ్లు మూసుకుని కట్టగలగడం మేలు. కొక్కేనికి పాలోమర్, రెండు దారాలను కలపడానికి డబుల్ యూని చాలు.

పాలోమర్ కట్టే విధానం:

1. దారం కొనను అరడుగు మేర రెండు పేటలుగా మడిచి, ఆ మడతను కొక్కెం కన్నంలోంచి దూర్చాలి.
2. రెండు పేటలతో వదులుగా ఒక మామూలు ముడి వేయాలి. కొక్కెం కింద వేలాడుతూ ఉండాలి.
3. చివరన మిగిలిన మడతను విప్పి, కొక్కెం మొత్తాన్ని అందులోంచి దాటించాలి.
4. ముడిని ఉమ్మితోనో నీటితోనో తడిపి, నెమ్మదిగా బిగించాలి.
5. 3 మిల్లీమీటర్ల తోక వదిలి మిగిలినది కత్తిరించాలి.

తడపకుండా బిగిస్తే రాపిడి వేడికి దారం అక్కడికక్కడే బలహీనపడుతుంది. పేటలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడినట్టు కనిపిస్తే మొహమాటం లేకుండా కత్తిరించి మళ్లీ కట్టాలి. డబుల్ యూనిలో బ్రెయిడ్ వైపు ఏడెనిమిది చుట్లు, ఫ్లోరోకార్బన్ వైపు నాలుగైదు చుట్లు వేయాలి. సన్నటి బ్రెయిడ్‌కు చుట్లు తగ్గితే అది జారిపోతుంది.

7. ఎరల పెట్టె: మూడింటితో మొదలు

దుకాణంలోని ఎరల్లో సగం చేపలను కాక మనుషులను పట్టడానికి చేసినవి. మొదటి సంవత్సరానికి మూడు రకాలు చాలు.

మొదటిది: 5 అంగుళాల స్టిక్ వర్మ్. తేట నీటికి గుమ్మడి ఆకుపచ్చ, బురద నీటికి నలుపు–నీలం రంగు. ఈ ఒక్క ఎరనే రెండు విధాలుగా కట్టవచ్చు. నాచు, కొమ్మలు ఉన్నచోట టెక్సాస్ రిగ్. శుభ్రమైన నీటిలో, పడవ రేవుల పక్కన వాకీ రిగ్. వాకీ అంటే పురుగు నడుముకు చిన్న రబ్బరు ఉంగరం తొడిగి, దాని కింద 1/0 సైజు కొక్కేన్ని దూర్చి, బరువేమీ కట్టకుండా నీటిలో మెల్లగా దిగనివ్వడం. ఉంగరం లేకుండా కట్టినా చేప పడుతుంది గాని, రెండు మూడు విసుర్లకే పురుగు తెగిపోతుంది.

రెండోది: 3/8 ఔన్సు స్పిన్నర్‌బెయిట్, అంటే లాగినప్పుడు లోహపు రేకులు గిర్రున తిరిగే ఎర. తెలుపు లేదా తెలుపు–లేత పసుపుపచ్చ. గాలి వీచి నీరు అలలు కొడుతున్నప్పుడు, నీరు కలక బారినప్పుడు దీన్ని విసిరి ఒకే వేగంతో చుట్టుకోవాలి. దీని రేకుల అదురు రాడ్ కొనలో నిరంతరం తెలుస్తూ ఉండాలి. అదురు ఆగిందంటే నాచు తగిలినట్టో, చేప పట్టినట్టో అర్థం.

మూడోది: చిన్న పాపర్. వేసవిలో తెల్లవారుజామునా, పొద్దు వాలాకా నీటి మీద తేలే ఎర ఇది. రెండు సార్లు కొన తాటించి, నీటి వలయాలు కరిగేవరకు ఆగాలి. ఎక్కువ కాట్లు ఆగినప్పుడే పడతాయి.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో వేసేవారు నాలుగోదిగా ఎరుపు రంగు లిప్‌లెస్ క్రాంక్‌బెయిట్ (మూతి దగ్గర రేకు లేని, చేప ఆకారపు గట్టి ఎర) ఒకటి చేర్చుకోవచ్చు. టెక్సాస్‌లో ఆ కాలంలో నీరు 60 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరువవుతుండగా బాస్ గుడ్లు పెట్టడానికి లోతు తక్కువ నీటిలోకి వస్తుంది, కొత్త నాచు అంచులను ఈ ఎర రాసుకుంటూ పోతే వదలదు.

8. టెక్సాస్ రిగ్ కట్టడం

అన్ని రిగ్గులలోనూ దీని మీదే ఎక్కువ సమయం పెట్టాలి, ఎందుకంటే కొక్కెం మొన పురుగు శరీరంలో దాగి ఉండే ఈ అమరికతోనే చేపలు దాక్కునే కొమ్మల మధ్యకు తగులుకోకుండా వెళ్లగలం.

1. తూటా ఆకారపు 3/16 ఔన్సు బరువును, దాని సన్నటి మొన రాడ్ వైపు ఉండేలా దారంలోకి ఎక్కించాలి.
2. మెడ దగ్గర మెలిక ఉన్న 3/0 ఆఫ్‌సెట్ కొక్కేన్ని పాలోమర్‌తో కట్టాలి.
3. కొక్కెం మొనను పురుగు తల మధ్యలో గుచ్చి, 6 మిల్లీమీటర్ల లోతున పక్కకు బయటకు తీయాలి.
4. పురుగును కన్నం దాకా పైకి జరిపి, కొక్కేన్ని అర చుట్టు తిప్పాలి.
5. కొక్కేన్ని పురుగు పక్కన వేలాడనిచ్చి, దాని వంపు ఎక్కడ తాకుతోందో గోటితో గుర్తు పెట్టుకోవాలి.
6. సరిగ్గా ఆ చోట మొనను దూర్చి, అవతలి వైపు తీసి, కొసను మాత్రం తిరిగి చర్మం కింద దాచాలి.

ఇప్పుడు దారం పట్టుకుని వేలాడదీస్తే పురుగు గీత గీసినట్టు నిటారుగా ఉండాలి. వంకరగా ఉంటే నీటిలో గిరగిర తిరిగి దారాన్ని మెలిపెడుతుంది. ఈ ఒక్క వంకరను సవరించుకోక, దారం మంచిది కాదని దాన్ని మార్చేవాళ్లను చాలామందిని చూశాను.

9. డ్రాగ్ అమర్చడం

దారం తెగే బలంలో పావు నుంచి మూడో వంతు లాగుడుకు డ్రాగ్ జారాలి. 10 పౌండ్ల లీడర్‌కు అది రెండున్నర నుంచి మూడు పౌండ్లు. ఇండియా ప్రయాణానికి సూట్‌కేసు తూచే వేలాడే త్రాసు మనలో ప్రతి ఇంట్లో ఉంటుంది కదా. దారం కొనను దానికి కట్టి, రాడ్‌ను వంచి లాగుతూ, త్రాసు 3 పౌండ్లు చూపినప్పుడు స్పూల్ జారేలా మరను బిగిస్తే సరిపోతుంది. చేప పడిన తరువాత కంగారులో మర తిప్పకూడదు.

10. విసరడం, ఆడించడం

1. ఎరను రాడ్ కొన నుంచి ఒక అడుగు కిందకు వేలాడనివ్వాలి.
2. చూపుడు వేలితో దారాన్ని పట్టి, బెయిల్ తీగను (రీలు మీద దారాన్ని స్పూల్‌కు చుట్టే వంపు తీగ) తెరవాలి.
3. వెనుక మనిషి లేడని తిరిగి చూసిన తరువాతే రాడ్‌ను భుజం దాకా వెనక్కి తేవాలి. పిల్లలతో వెళ్లినవారు ఈ అంశాన్ని రెండుసార్లు చదవాలి.
4. మణికట్టుతో ముందుకు విసిరి, కొన కంటికి కాస్త పైన ఉండగా వేలు వదలాలి. ఎర నేలకు కొట్టుకుంటే వేలు ఆలస్యంగా వదిలినట్టు; ఆకాశానికి లేస్తే తొందరగా వదిలినట్టు.
5. ఎర నీటిని తాకేముందు స్పూల్ అంచును వేలితో తాకి దారాన్ని ఆపాలి.
6. బెయిల్ తీగను చేత్తోనే మూసి, దారాన్ని ఒకసారి బిగువుగా లాగి, ఆ తరువాతే హ్యాండిల్ తిప్పాలి.

స్పిన్నింగ్ రీలులో వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం ఈ ఆరో మెట్టును వదిలేయడం వల్లనే వస్తాయి.

గట్టు మీద నుంచి వేసేవారు అందరూ చెరువు మధ్యకు విసరాలని చూస్తారు. గట్టుకు సమాంతరంగా, పది పదిహేను అడుగుల దూరంలో విసరడం అలవాటు చేసుకోవాలి; బాస్ పొంచి ఉండే చేప కాబట్టి, నాచు అంచులోనో రేవు నీడలోనో మన కాళ్లకు దగ్గరగానే ఉంటుంది.

టెక్సాస్ రిగ్ అడుగుకు దిగేవరకు దారాన్ని చూస్తూ ఉండాలి. దారం చటుక్కున అదిరినా, పక్కకు జరిగినా, అడుగు తగలవలసిన సమయానికి ముందే సడలినా అది కాటే. ఏమీ లేకపోతే కొనను ఒక అడుగు పైకెత్తి, మళ్లీ దిగనివ్వాలి. ఎరను కదిలించేది రాడ్. రీలు పని సడలిన దారాన్ని చుట్టడం మాత్రమే.

11. కొక్కెం దించడం, చేపను తేవడం, వదలడం

టెక్సాస్ రిగ్‌లో కాటు తెలియగానే కొనను చేప వైపు దించి, సడలింపు చుట్టి, ఒక్కసారి బలంగా పైకి లాగాలి. మొన ముందు ప్లాస్టిక్‌ను చీల్చుకుని రావాలి కదా. స్పిన్నర్‌బెయిట్‌కు పక్కకు ఒక ఊపు చాలు. పాపర్ మీద నీళ్లు చిమ్మగానే లాగితే ఎర నోట్లోంచి ఊడివచ్చి మన మీదికే వస్తుంది. బరువు చేతికి తగిలేవరకు ఆగాలి.

డ్రాగ్ జారుతున్నప్పుడు హ్యాండిల్ తిప్పకూడదు, దారం మెలికలు పడుతుంది. చేప ఎగరబోతే కొనను నీటి వైపు దించి, దారం బిగువు పోకుండా చూసుకోవాలి.

బాస్ పళ్లు గరుకు కాగితంలా ఉంటాయి కాబట్టి కింది దవడను బొటనవేలితో పట్టుకోవచ్చు. ఈ అలవాటును మాత్రం సెలవులకు ఊరెళ్లినప్పుడు కొరమీను మీద ప్రయోగించకూడదు, వేలు చీలుతుంది. పాపర్ లాంటి మూడు ముళ్ల కొక్కేలున్న ఎర నోట్లో ఉంటే ముందు శ్రావణంతో దాన్ని పట్టుకోవాలి.

వదిలే చేపను తడి చేతులతో పట్టాలి. పెద్ద చేపను దవడ ఒక్కటే పట్టి అడ్డంగా ఎత్తకూడదు, రెండో చెయ్యి పొట్ట కింద ఉండాలి. కొక్కేన్ని లోపలికి మింగేసి ఉంటే పెకలించకుండా దారాన్ని దగ్గరగా కత్తిరించి వదలడం మేలు.

12. తప్పులు, సవరణలు

- ముడి దగ్గర దారం తెగి, కొస వెంట్రుకలా చుట్టుకుపోయి ఉంది: ముడి జారిపోయింది. చుట్లు పెంచాలి, తడిపి బిగించాలి.
- ముడికి పైన తెగింది: రాపిడి. ప్రతి చేప తరువాత చివరి రెండడుగులను వేళ్లతో తడిమి, గరుకు తగిలితే కత్తిరించి మళ్లీ కట్టాలి. రాడ్ వలయాల్లో దూది తిప్పి చూడాలి. దూది పోగులు చిక్కుకున్న వలయం లోపల పగిలినట్టే.
- కాట్లు పడుతున్నాయి, చేప రావడం లేదు: మొన గోటి మీద జారుతోందేమో చూడాలి. జారితే మొద్దుబారింది. పదునుగానే ఉంటే పురుగును చిన్నది చేయాలి.
- ఎర పదేపదే కొమ్మల్లో చిక్కుతోంది: వెనక్కి బలంగా లాగకూడదు. చిక్కిన చోటును దాటి అవతలి వైపు నడిచి, అటు నుంచి కొనతో సున్నితంగా తాటించాలి.
- దారం చుట్టలు చుట్టలుగా వస్తోంది: ఎర విప్పి, ఖాళీ దారాన్ని గడ్డి మీద పొడవునా పరిచి, రెండు వేళ్ల మధ్య నుంచి చుట్టుకుంటూ వస్తే మెలికలు విడిపోతాయి.

13. బేట్‌కాస్టర్‌కు ఎప్పుడు మారాలి

బేట్‌కాస్టర్ అంటే రాడ్ పైన కూర్చుని, విసిరేటప్పుడు స్పూలే తిరిగే రీలు. నేను మొదట కొన్నది ఇదే, ఒక దుకాణంలో మాటలు నమ్మి. మొదటి రోజంతా గట్టు మీద కూర్చుని చిక్కు తీసుకున్నాను. దట్టమైన నాచులో రబ్బరు కప్ప ఎరను వేయాలనిపించినప్పుడు, అర ఔన్సు దాటిన ఎరలు అలవాటైనప్పుడు దీనికి మారాలి. మీడియం హెవీ రాడ్, కప్ప ఎరకైతే 50 పౌండ్ల బ్రెయిడ్ సరిపోతాయి.

మొదటి అమరిక: పక్క మరను, ఎర వేలాడదీసినప్పుడు నెమ్మదిగా దిగి, నేల తగలగానే స్పూల్ ఆగేలా బిగించాలి. అయస్కాంత బ్రేకును గరిష్ఠంలో ఉంచి, చెయ్యి కుదిరేకొద్దీ ఒక్కో అంకె తగ్గించాలి. చిక్కు పడితే దారాన్ని పీకకుండా, బొటనవేలితో స్పూల్‌ను గట్టిగా నొక్కి హ్యాండిల్‌ను రెండు మూడు చుట్లు తిప్పి, అప్పుడు లాగాలి.

14. ఇంటికి వచ్చాక

- డ్రాగ్ మరను వదులు చేయాలి.
- రీలును తడిగుడ్డతో తుడవాలి. కుళాయి కింద ధారగా కడగకూడదు.
- ప్లాస్టిక్ పురుగులను వాటి సంచుల్లోనే ఉంచాలి. వేర్వేరు రకాలను ఒకే డబ్బాలో కలిపితే కరిగి అంటుకుపోతాయి.
- తడిసిన ఎరలను ఆరనిచ్చిన తరువాతే పెట్టెలో పెట్టాలి, లేకుంటే కొక్కేలు తుప్పు పడతాయి.
- కారు డిక్కీలో సామగ్రి వదలకూడదు. టెక్సాస్ జూలై ఎండకు పురుగులు వంకర తిరుగుతాయి. అలా వంకర తిరిగినవాటిని వేడి నీళ్లలో ఒక్క నిమిషం ముంచి, బల్ల మీద నిటారుగా పరిచి చల్లారనిస్తే చాలావరకు మళ్లీ సరవుతాయి.